కుట్టేసిన పదహారు పేజీలు

మొన్న ఒక ఆదివారం పొద్దున బౌరంపేట్ వైపు నుంచి ఒకాయన కారులో వచ్చి, మా షాపు ముందు ఆపడానికి చోటు లేదని నామీదే కాసేపు విసుక్కుని, ఆ తర్వాత లోపలికొచ్చాడు. "మేడమ్, క్రైమ్‌లో కొత్తగా ఏమొచ్చాయి?" అన్నాడు. అడిగిన వెంటనే నేను ఎవరి చేతిలోనూ పుస్తకం పెట్టను. ఈమధ్య మీరు సగంలో వదిలేసిన నవల ఏదో, ఎక్కడ వదిలేశారో చెప్పమన్నాను. నచ్చినవి చెప్పమంటే మనుషులు గొప్పలు పోతారు, వదిలేసినవి చెప్పమంటే నిజం చెప్తారు. ఆయన తల గోక్కుని, ఒక నవలలో పోలీసాయన డెబ్బై పేజీలు తన విడాకుల గురించే కుమిలిపోతుంటే విసుగొచ్చి మూసేశానన్నాడు. సరే, మనిషి తెలిశాడు. పోయిన నెల వచ్చిన నవల ఒకటి తీసిచ్చాను. నలభై కెమెరాలున్న అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ హత్య. ఒక్క కెమెరాలోనూ హంతకుడు కనబడడు. విడాకులు అసలే లేవు. రాసింది కొత్త అమ్మాయి, వాక్యం చాకులా ఉంటుంది, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, పుస్తకం అందుకుని, నా కళ్ల ముందే వెనక నుంచి తెరిచి చివరి పేజీ చదవడం మొదలుపెట్టాడు.

లాక్కున్నాను. అవును, కొనడానికొచ్చిన మనిషి చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. "చివర చూసుకుంటే టెన్షన్ ఉండదు కదా మేడమ్" అని నవ్వాడు. "అంచు చూసి కొనడానికి ఇది చీరల దుకాణం కాదు. టెన్షన్ వద్దనుకుంటే పంచాంగం ఇస్తాను, పట్టుకెళ్లండి" అన్నాను. పాపం, మంచివాడే, కొనుక్కునే వెళ్లాడు. కానీ ఆ రోజంతా నా చేతులు నా మాట వినలేదు. దబ్బనం కోసం, ఎర్ర దారం కోసం బల్ల సొరుగులో తడుముతూనే ఉన్నాయి. మా నాయిన రోజుల్లో ఈ పని ఎవడివల్లా అయ్యేది కాదు. ఎందుకంటే మా నాయిన చివరి పదహారు పేజీలు కుట్టేసేవాడు.

మేడ్చల్ బస్టాండుకు కాస్త ఇవతల, మా తాత కట్టించిన రెండు మడిగెలు పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో మా పెదనాయిన ఎరువులు, పురుగుమందులు అమ్మేవాడు. రెండోదాంట్లో మా నాయిన నవలలు అద్దెకిచ్చేవాడు. గోడ ఒక్కటే. అటు యూరియా వాసన, ఇటు పాత కాగితం వాసన. అవి రెండూ కలిసిన గాలిలోనే నేను పెరిగాను కాబట్టి ఇప్పటికీ ఎరువుల దుకాణం ముందు నుంచి నడిస్తే నాకు ఏదో హత్య జరగబోతున్నట్టే ఉంటుంది. నాయిన దగ్గర కుటుంబ కథలూ ఉండేవి, భక్తి పుస్తకాలూ ఉండేవి. కానీ అవి గోడకు ఆనుకుని పైఅరలో దుమ్ము పట్టేవి. నడిచేవి మాత్రం డిటెక్టివ్ నవలలే. జీడిమెట్ల ఫ్యాక్టరీలకు షిఫ్టు బస్సులెక్కేవాళ్లు, కౌకూర్ నుంచి సైకిలు మీద వచ్చే ఒక కాంపౌండరు, శామీర్‌పేట ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్లు, అందరికీ కావలసింది ఒకటే: ఎవరు చంపారు?

కొత్త పుస్తకాల కట్ట వచ్చిందంటే మా ఇంట్లో పండగా, రభసా కలిసే వచ్చేవి. ఆ పాకెట్ నవలలు ముగ్గురు చదివేసరికి విడిపోయేవి. అందుకని నాయిన వాటిని ముందే విప్పేసి, పదహారేసి పేజీల మడతలుగా వేరుచేసి, దబ్బనంతో మళ్లీ గట్టిగా కుట్టి, అట్ట వేసి, వెన్నుకు గుడ్డ అంటించేవాడు. అంటించడానికి మైదా లై. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం. ఆ లై ఉడికే వాసన ఇల్లంతా కమ్ముకునేది. "అన్నం వండుకునే గిన్నెల విషం కలుపుతవా? నీ నవలల్ల ఖూనీలు సాలవా?" అని మా అమ్మ ఒకటే తిట్టడం. నాయిన నవ్వేవాడు, మర్నాడు మళ్లీ అదే గిన్నె తీసేవాడు. చివరికి అమ్మ ఆ గిన్నె అంచుకు ఎర్ర రంగు పూసేసింది, ఇది నీదే, నా పొయ్యి దగ్గరికి తేవద్దని.

అన్ని మడతలూ తెల్లదారంతో కుట్టినా, ఆఖరి మడతకు మాత్రం నాయిన ఎర్ర దారం తీసేవాడు. ఆ పదహారు పేజీలనూ పక్కలనుంచి కూడా కుట్టి సంచి మూతిలా మూసేసేవాడు. పుస్తకం ఇంటికి పట్టుకెళ్లొచ్చు, కుట్టుదాకా చదవొచ్చు. ఆ తర్వాత దుకాణానికి రావాలి. వచ్చి, హంతకుడు ఎవరనుకుంటున్నారో అందరి ముందూ చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి. అప్పుడు నాయిన కత్తెర తీసి దారం కోసేవాడు. బయట బెంచీ మీద కూర్చుని ఆ పదహారు పేజీలూ చదువుకోవాలి. దారం కొయ్యగానే బస్టాండులో ఉన్నవాళ్లలో సగం మంది బెంచీ చుట్టూ మూగేవాళ్లు, చదివేవాడి మొహం చూడ్డానికి. గెలిచాడా, ఓడాడా అని. ఒకసారి కౌకూర్ కాంపౌండరు వరసగా ఆరోసారి ఓడి, "నేను మందులిచ్చెటోన్ని, నాకు మనుషుల సంగతేం తెలుస్తది" అని తనే గట్టిగా నవ్వాడు. ఎంతో చదువుకున్నవాళ్ల సభలు తర్వాత చాలా చూశాను. తన తప్పు తనే ఒప్పుకుని నవ్విన పాఠకుడు ఒక్కడూ కనబడలేదు నాకు. డిటెక్టివ్ నవలలు చదివితే బుర్ర పాడవుతుందని మైకు పట్టుకుని చెప్పే పెద్దలను మా బెంచీ మీద ఒక్క గంట కూర్చోబెట్టాలనిపిస్తుంది.

ఇందులో నాయినకు ఒక కట్టుబాటు ఉండేది. చివరిదాకా చదవకుండా కుట్టేవాడు కాదు. కుట్టకుండా అరలో పెట్టేవాడు కాదు. "నేను తినంది వేరేటోల్లకు పెట్టను" అనేవాడు. ఎవరికి ఏది ఇవ్వాలన్న తూకం అంతా అందులోంచే వచ్చింది ఆయనకు. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాడికి విషప్రయోగం ఇచ్చేవాడు. అత్తతో పడని కోడలికి అత్త చచ్చిపోయే నవల ఇచ్చేవాడు కాదు, అత్త డిటెక్టివ్ అయ్యే నవల ఇచ్చేవాడు. పక్కన నేల మీద కూర్చుని దారం ఎక్కించే నేను ఇవన్నీ వింటూ, ఎప్పటికైనా ఆ ఎత్తు స్టూలు మీద నేను కూర్చుని చెప్పాలి అనుకునేదాన్ని. అడిగాను కూడా. "కూసుంటవు తియ్. నోరు జర తగ్గినంక" అన్నాడు. నా నోరు అప్పుడూ తగ్గలేదు, ఇప్పుడూ తగ్గలేదు.

నేను పదో తరగతిలో ఉండగా నాయినకు కళ్లలో పొర వచ్చింది. రాత్రింబవళ్లు సన్న అక్షరాలు చదివి చదివి తెచ్చుకున్నాడని అమ్మ అనేది. డాక్టరు మాత్రం చదువుకూ దానికీ సంబంధం లేదన్నాడు. అమ్మ డాక్టర్‌నే తప్పుపట్టింది. ఆపరేషనయ్యాక నలభై రోజులు కళ్లకు పచ్చగుడ్డ కట్టుకుని చీకటి గదిలో ఉండాలన్నారు. అప్పుడే పెదనాయిన మా ఇంటికొచ్చి మంచం పక్కన కుర్చీ వేయించుకున్నాడు. ఎరువుల బస్తాలకు చోటు చాలడం లేదు, నవలల మడిగె ఖాళీ చేసి ఇచ్చేయమన్నాడు. దాచుకోవడం దేనికి, ఆయన మాటలో న్యాయం కొంత ఉంది. టీవీలొచ్చాయి, అద్దె పుస్తకాలకు జనం పలచబడుతున్నారు.

"నలభై దినాలు బందు వెడ్తే మళ్ల ఒక్కడు రాడు తమ్మీ. గాడ బస్తాలన్న ఏస్కుంట" అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ నేను ఆగలేకపోయాను. "బందు ఎందుకు వెడ్తం? నేను కూసుంట. ఇస్కూలు అయినంక, సెలవులప్పుడు దినమంత."

"ఆడివిల్లవు. బస్టాండుల కూసోని ఖూనీ కతలు చెప్తవా?"

"నువ్వు పురుగుమందు అమ్ముతలేవా పెదనాయినా? నేను కత చెప్తే ఎవ్వరు సావరు."

అమ్మ నా జబ్బ మీద గిల్లింది. నాయిన పచ్చగుడ్డ కింద నవ్వాపుకుంటున్నాడని పెదవుల మూలలు చెప్పాయి. మా అవ్వ, అంటే నాయినకూ పెదనాయినకూ తల్లి, గోడకు ఆనుకుని వక్క నములుతూ, "నేను గూడ పోయి దాని పక్కన కూసుంట తియ్. ఇంట్ల ఉండి జేసేదేంది?" అంది. పెదనాయిన తల్లి మాట తీసెయ్యలేకపోయాడు. కానీ వెళ్తూ వెళ్తూ షరతు పెట్టాడు. ఈ నలభై రోజుల్లో పుస్తకం బాలేదని గానీ, మోసపోయామని గానీ ఒక్క పాఠకుడు వచ్చి గొడవ పెట్టినా మడిగె తనది. అవ్వ సాక్షి. నాయిన "సరే" అన్నాడు. నాకు తాళంచెవి ఇచ్చాడు. ఆ పూట స్టూలెక్కి కూర్చుంటే నా కాళ్లు నేలకు ఆనలేదు. ఆనకపోతే ఏం, కింద అట్టపెట్టె వేసుకున్నాను.

మొదటి పదిహేను రోజులూ నన్ను పట్టుకునేవాళ్లు లేరు. నాయిన చదివి కుట్టి పెట్టిన పుస్తకాలే కాబట్టి వాటి సంగతులు ఆయన నోట వినే ఉన్నాను. ఎవరికేం కావాలో వాళ్ల చెప్పులు చూసి, చేతిసంచి చూసి చెప్పేసేదాన్ని. అవ్వకు చదువు రాదు. అయినా ప్రతి పుస్తకం కథా నాతో చెప్పించుకుని, "గా సుట్టం ముండాకొడుకే సంపిండు, సూడు" అనేది. సగం సార్లు నిజమయ్యేది. ఆ తర్వాత కొత్త కట్ట వచ్చింది. అక్కడ నా కొవ్వు బయటపడింది. పరీక్షలు దగ్గరపడ్డాయి, కొత్తవి ఏవని జనం అడుగుతున్నారు, పక్క మడిగెలోంచి పెదనాయిన రోజుకు రెండుసార్లు తొంగి చూసి అరలు లెక్కపెడుతున్నాడు. రెండు నవలలు సగందాకా చదివాను. రెండూ భలే నడుస్తున్నాయి. మిగతాది తర్వాత చూద్దామని రెంటినీ ఒకేసారి కూర్చుని విప్పేసి కుట్టేశాను. చివర చదవలేదు. ఎర్ర దారం మాత్రం నాయిన కుట్టు కంటే అందంగా వచ్చింది.

ఒకటి పెళ్లింటి కథ. ముహూర్తానికి ముందు ఫొటోగ్రాఫరు శవమై కనబడతాడు. రెండోది లాడ్జి కథ. గదిలో మందుల కంపెనీ ఏజెంటు చచ్చి పడుంటాడు. లాడ్జి కథను జీడిమెట్లలో పనిచేసే ఒక ఫిట్టరుకు ఇచ్చాను. రెండ్రోజులకు వచ్చి తన అనుమానం చెప్పి, బస్సు కదులుతోందని కోసిన పుస్తకం పట్టుకునే పరిగెత్తాడు. మర్నాడు తెచ్చిచ్చి నన్ను ఆకాశానికెత్తాడు.

"మస్తున్నది చెల్లె! వంటోడు సంపిండని ఎవనికన్న తడ్తదా? అసలు లాడ్జిల వంటోడే లేడు. గదే తెలివి! ఇంకోటి, చివర్ల అందరి పేర్లు మారిపోయినయ్. అంటే మొదటికెల్లి అందరు దొంగ పేర్లతోటే ఉన్నరు. ఏం రాసిండు!"

మడిగె అంతా వినబడేలా అన్నాడు. పెదనాయిన కూడా విన్నాడు, అవ్వ మాత్రం ఆ పూట ఇంట్లోనే ఉండిపోయింది. నేను గర్వంగా తలెగరేశాను. కథలో లేని వంటవాడు ఎక్కడ్నుంచి వచ్చాడని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు.

పెళ్లింటి కథ శామీర్‌పేటకు వెళ్లింది. అక్కడ ఒక ద్రాక్షతోటకు యూసుఫ్ చాచా మేస్త్రీ. ఆయనకు తెలుగు మాట్లాడ్డం తప్ప చదవడం రాదు. ఆయన భార్య జైనబ్ ఖాలా మాత్రం తెలుగు బడిలో చదువుకుంది. పళ్లు కోసే రోజుల్లో తోట షెడ్డులో పదిహేనుమంది ఆడవాళ్లు చిన్న కత్తెరలతో గుత్తుల్లోంచి పాడైన పళ్లు తీసేస్తుంటే, ఖాలా బోర్లించిన పెట్టె మీద కూర్చుని నవల పైకి చదివేది. కుట్టుదాకా అయ్యాక చాచా పుస్తకం పట్టుకుని మేడ్చల్ వచ్చి షెడ్డు తీర్పు చెప్పి, దారం కోయించుకుని షెడ్డుకే తీసుకెళ్లేవాడు. ఈసారి షెడ్డు రెండుగా చీలింది. ఎనిమిది మంది పెళ్లికూతురి మేనమామ అన్నారు, ఏడుగురు పెళ్లికొడుకు స్నేహితుడు అన్నారు. మాటా మాటా పెరిగి ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారట. నేను దారం కోసి ఇచ్చాను. చాచా సైకిలెక్కి వెళ్లాడు.

మూడో రోజు మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని మళ్లీ వచ్చాడు. సైకిలు స్టాండు కూడా వెయ్యలేదు, మా బెంచీకి ఆనించాడు. సరిగ్గా అప్పుడే పెదనాయిన మా మడిగెలో కూర్చుని అవ్వతో మాట్లాడుతున్నాడు.

"బేటీ, ఏందిది? మా పెళ్లింట్లకు లాడ్జి మేనేజరు ఏడికెల్లి వచ్చిండు?"

నాకు అర్థం కాలేదు. "ఏ మేనేజరు చాచా?"

"రంగప్ప! ఎవడీ రంగప్ప? దావత్‌కు పిలువకుంటనే వచ్చిండా? మా ఆమె చదువుతాంటే ఆడోళ్లందరు కత్తెర్లు కింద వడేసిండ్రు. మేనమామ అన్నోళ్లు పరేషాన్, దోస్తు అన్నోళ్లు పరేషాన్. మూడు దినాలు వాదులాడి, లాస్టుకు ఎవనికి తెలువనోడు ఖూనీ జేసిండంటే ఎట్ల? మోసం గాదా ఇది?"

మోసం అన్న మాట పడింది. ఫిట్టరు వంటవాడూ, చాచా రంగప్పా ఒక్కసారిగా నా కళ్లముందు పక్కపక్కన నిలబడ్డారు. రెండు పుస్తకాలు ఒకే కొలత, ఒకే అచ్చు, పేజీల సంఖ్యా ఒకటే. చివరి మడతలు అటుదిటు, ఒకదానిది ఇంకోదానికి, కుట్టేశాను.

పెదనాయిన తొందరపడలేదు. చెయ్యి మాత్రం చాచాడు. "అయిపాయె. తాళంచెవి ఇటు తే."

"నాయిన ఇచ్చిండు. నాయినకే ఇస్త" అన్నాను. తాళంచెవి పిడికిట్లో బిగించి అట్టపెట్టె మీంచి కిందికి దిగాను. చాచా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పాపం, "అరే, నేను గిట్ల అనుకోలే సేఠ్" అన్నాడు. ఆయనకు షరతు సంగతి తెలియదు.

ఇంట్లో చీకటి గదిలో నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెదనాయిన అంతా చెప్పాడు, నిజం చెప్పొద్దూ, పెంచకుండానే చెప్పాడు. నాయిన నావైపు కాకుండా గోడవైపు తిరిగి అడిగాడు. "చివర చదివినవా బిడ్డా?"

నేను తాళంచెవిని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను.

"చదువలేదన్నట్టు. మరి జనానికి ఏమని చెప్పిచ్చినవ్?"

"మస్తుంటదని."

"నీకెట్ల తెలుసు?"

దెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. కుట్టు మారడం చేతి తప్పు. చదవకుండా మంచిదని చెప్పడం నోటి తప్పు. ఆయనకు బాధ కలిగించింది రెండోదే. "నాకు చెప్పి ఏం లాభం? గా షెడ్డుకు పొయి వాళ్లకు చెప్పు. సరైన చివర నువ్వే చదివి వినిపియ్" అన్నాడు. "మరి మనం అనుకున్న మాట?" అన్నాడు పెదనాయిన. "మాట తప్పను అన్నా. గొడవ గట్లనే ఉంటే మడిగె నీదే. పట్టీ ఇప్పినంక, నా కండ్లతోటి సూసి చెప్త. అప్పటిదాంక ఆగు."

ఆ సాయంత్రం రెండు నవలలూ మొదటి నుంచి చివరిదాకా చదివాను. విప్పి, మార్చి, మళ్లీ కుట్టాను. మర్నాడు అవ్వను వెంటబెట్టుకుని శామీర్‌పేట బస్సెక్కాను. ఇప్పుడు ఆ దారంతా ఔటర్ రింగు రోడ్డు కింద నుంచి, హోర్డింగుల మధ్య నుంచి పోతుంది. ఆ తోట ఉన్నచోట ఫంక్షన్ హాలు ఉంది. అప్పుడు మాత్రం రోడ్డుకు రెండువైపులా రాతి కడీల మీద ద్రాక్ష పందిళ్లే పందిళ్లు. దార్లో అవ్వకు కుట్టుదాకా కథ చెప్పాను, చివర చెప్పలేదు.

షెడ్డులోకి అడుగుపెట్టగానే పులియబోతున్న ద్రాక్ష వాసన, ఎండుగడ్డి వాసన, పదిహేను కత్తెరల చప్పుడు. నన్ను చూడగానే ఆ చప్పుడు ఆగిపోయింది. జైనబ్ ఖాలా సన్నటి మనిషి, ముక్కు మీద అద్దాలు. లేవకుండానే అంది: "కతలు చెప్పే పిల్లవు నువ్వేనా? రంగప్పను తోల్కచ్చినవా?"

అందరూ గొల్లుమన్నారు. నేను సిద్ధం చేసుకున్న సంజాయిషీలు చాలా ఉన్నాయి. పరీక్షలు, నాయిన కళ్లు, ఒకే అచ్చు. ఒక్కటీ బయటికి రాలేదు. "చివర్లు అటుదిటు కుట్టిన. చివరిదాంక చదువకుంటనే మస్తున్నదని మీకు పంపిన. తప్పు నాదే" అన్నాను.

"అగ్గో! ఉప్పు సూడకుంట వడ్డించినవా?" అంది ఒకావిడ. ఇంకొకావిడ, "పోనీ తియ్యక్కా, ఆకలి మీదున్నం, వడ్డియ్యనియ్" అంది. ఖాలా జరిగి పెట్టె మీద నాకు చోటిచ్చింది. "బైటో బేటీ. చదువు. కానీ దారం కొయ్యక ముందు మీ అవ్వ గూడ చెప్పాలె. మా షెడ్డుల చెప్పనోళ్లకు వినే హక్కు లేదు."

అవ్వ వక్క అటు బుగ్గలోంచి ఇటు బుగ్గలోకి మార్చుకుంది. "వంటోడు" అంది. మేనమామ వర్గం, స్నేహితుడి వర్గం ఒక్కటై మీదపడ్డాయి. వంటోడెందుకు, వాడికేం పగ అని. అవ్వ తొణకలేదు. "పీనుగను సూసి ఇంట్ల అందరు ఏదో ఒకటి అడిగిండ్రు. ఎవడు సంపిండు అన్నరు, పోలీసులకు చెప్పిండ్రా అన్నరు. వంటోడొక్కడే, మరి ఎందరికి వండాలె ఇగ అని అడిగిండు. వానికి ముందే తెలుసు, పెండ్లి ఆగుతదని."

నేను దారం కోశాను. మొదటి పేజీ తడబడుతూ చదివాను. రెండో పేజీకి వచ్చేసరికి నేను ఎవరో, ఎందుకొచ్చానో మర్చిపోయాను. హంతకుడి పేరు ఉన్న వాక్యం దగ్గర నాయినలాగే ఒక ఊపిరి ఆగాను. వంటవాడి పేరు చదవగానే షెడ్డు ఒక్కసారి లేచింది. మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, "మనిద్దరం తప్పేనే!" అని నవ్వారు. ఖాలా మా అవ్వ చేతిలో ఒక గుత్తి పెట్టి, "నానీ, నువ్వు పోలీసుల చేరు" అంది. తిరిగి వస్తుంటే నన్నాపి, "ఇంకోటి పంపు. నువ్వు చదివిందే పంపు" అని గట్టిగా చెప్పింది. పొగడ్తలు ఎన్ని విన్నా, నాకు ఉద్యోగం ఇచ్చిన మాట అదే అనుకుంటాను. ఫిట్టరుకు కూడా చెప్పాను. అతను సరైన చివర చదివి మొహం ముడుచుకుని, పాతదే బాగుందన్నాడు. అతనితో వాదించి ఈ రోజుకూ ఓడిపోయినట్టే లెక్క.

ఇప్పుడు నా షాపులో కొత్త క్రైమ్ నవలలకు ప్రత్యేకంగా ఒక గోడ ఉంది. బ్యాంకు మోసాలు, ఫోనులో ప్రేమించి చంపేవాళ్లు, రియల్ ఎస్టేట్ గొడవల్లో మాయమయ్యే సర్వేయర్లు. మా చుట్టుపక్కల భూముల సంగతి తెలిసినవాళ్లకు ఆ చివరివి చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. రాసే చేతులు అప్పటికంటే ఇప్పుడే బాగున్నాయి, ఈ మాట మీద ఎవరొచ్చినా కొట్లాటకు సిద్ధం. పాత నవలల్లో ఆడవాళ్లు శవాలుగానో, చెడ్డవాళ్లుగానో తప్ప వచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు విచారణ చేస్తున్నారు, తప్పులు చేస్తున్నారు, గెలుస్తున్నారు. కానీ పాఠకుడు ఒంటరివాడైపోయాడు. ఎవడి టెన్షన్ వాడి ఫోనులో, ఎవడి జవాబు వాడి వేలి కింద. తప్పు చెప్పి పదిమంది ముందు నవ్వులపాలయ్యే సుఖం ఎవరికీ లేదు. నేను ఒక్కటే చెయ్యగలను, చేస్తున్నాను. చివరి వాక్యం దాకా చదవని పుస్తకం ఈ గోడకు ఎక్కదు. ప్రచురణకర్తలు ఫోన్లు చేసి, మేడమ్ ముందు డిస్‌ప్లేలో పెట్టండి, తర్వాత చదువుకోవచ్చు అంటారు. నేను చెప్పే జవాబు ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు.

సరే, నలభై రోజులు అయ్యాయి. పట్టీ విప్పారు. సీసా అడుగంత మందం కళ్లద్దాలు పెట్టుకుని నాయిన మడిగెకొచ్చాడు. వెనకే పెదనాయిన. నేను స్టూలు దిగి పక్కకు జరిగాను. నాయిన బల్ల చెక్క ఎత్తి లోపలికి రాలేదు. బయటే, పాఠకులు నిలబడేచోట నిలబడ్డాడు. అరలన్నీ ఒకసారి చూశాడు. బెంచీ మీద కొత్త నవల కోసం మళ్లీ వచ్చిన యూసుఫ్ చాచా, ఆయన పక్కన కౌకూర్ కాంపౌండరు, ఇంకా నలుగురైదుగురు ఎదురుచూస్తున్నారు.

"కొత్తవి ఏమొచ్చినయ్ బిడ్డా?" అన్నాడు.

నాకు తెలియలేదు, పరీక్షిస్తున్నాడేమో అనుకున్నాను. "నువ్వే సూడు నాయినా, ఆ అరల ఉన్నయ్."

"నేను సూసుడు గాదు. నువ్వు చెప్పాలె. ఇన్నేండ్ల సంది నేను ఊరందరికి చెప్పిన. నాకు గీ పుస్తకం చదువు అని ఒక్కలు గూడ చెప్పలే."

అరలవైపు తిరిగాను. ఆయనకు విషం నవలలు విసుగు. తెలివిమీరిన డిటెక్టివులంటే చిరాకు. మనుషులు మాట్లాడుకుంటుంటే అందులోంచే నేరం బయటపడాలి ఆయనకు. ఎంతో కాలంగా తెలిసిన విషయమే, కానీ ఎవరూ ఎప్పుడూ వాడని విషయం. ఒక పుస్తకం తీసిచ్చాను. కొత్త కట్టలోది, ఆయన చూడనిది, చివరి పేజీ దాకా నేను చదివి కుట్టినది. పెదనాయిన ఏదో అనబోయాడు. "రెండు దినాలాగు అన్నా" అన్నాడు నాయిన, పుస్తకం చంకన పెట్టుకుని.

మూడో రోజు పొద్దున వచ్చాడు. అందరితోపాటు వరసలో నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చాక పుస్తకం బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, "రెండో అల్లుడు" అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు, మూడు కారణాలు, వేలు మడిచి మరీ. మూడూ బాగానే ఉన్నాయి. మూడూ తప్పే. నేను నోరు మూసుకుని కత్తెర తీశాను. అన్నేళ్లు దారం కోసిన మనిషి బెంచీ మీద కాంపౌండరు పక్కన ఇరుక్కుని కూర్చుని, వేలు పెట్టుకుని మెల్లగా చదవసాగాడు. జనం మూగారు. పెదనాయిన కూడా వచ్చి, గుమ్మానికి ఆనుకుని, తమ్ముడి మొహమే చూస్తున్నాడు. పన్నెండో పేజీ దగ్గర నాయిన కనుబొమలు పైకి లేచాయి. మళ్లీ వెనక్కి తిప్పి ఏదో చూసుకున్నాడు. చివరి పేజీ అయ్యాక పుస్తకం మూసి, పెద్దగా, నేను ఎన్నడూ వినని నవ్వు ఒకటి నవ్వాడు.

"ఓడిన" అన్నాడు. తర్వాత తలెత్తి గుమ్మం వైపు చూసి, "అన్నా, బస్తాలకు నువ్వు ఇంకో మడిగె సూస్కో" అన్నాడు.